మల్టీసెన్సరీ థెరపీని యూనివర్సిటీలో ఎలా నేర్పాలి: హైదరాబాద్ లెక్చరర్ల కోసం సమగ్ర మార్గదర్శి

స్పెషల్ ఎడ్యుకేషన్, ఆక్యుపేషనల్ థెరపీ, సైకాలజీ డిపార్ట్‌మెంట్లలో కొత్తగా చేరినవాళ్లు తరచూ అడుగుతున్నారు: సిలబస్‌లో మల్టీసెన్సరీ థెరపీ యూనిట్ ఉంది, ఎలా చెప్పాలి, ల్యాబ్‌కి ఏమేం కొనాలి అని. రెండో ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. విద్యార్థికి ముందు రావాల్సింది ఎదుటి మనిషిని చూడటం, ఆగడం, అతని చేతికే పగ్గాలివ్వడం. ఇవి రాకుండా బబుల్ ట్యూబ్ (రంగు వెలుగులో నీటి బుడగలు పైకి లేచే గొట్టం) ముందు కూర్చోబెడితే, చదువు అయిపోయాక ఆ విద్యార్థికి గుర్తుండేది స్విచ్ ఎక్కడ నొక్కాలన్నది మాత్రమే.

ఇక్కడ రాసిన వరుసకు కారణం ఉంది, దాన్ని మార్చకండి. 15 వారాల సెమిస్టర్‌లో వారానికి రెండు గంటల థియరీ, ఒక ప్రాక్టికల్ దొరుకుతాయనుకుని రాస్తున్నాను.

1. ఏది నేర్పుతున్నారో ముందు తేల్చుకోండి

ఒకే పేరు కింద మూడు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. మొదటి క్లాసులోనే వీటిని విడదీయకపోతే పరీక్ష దాకా గందరగోళమే.

- సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ: జీన్ ఐర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ రూపొందించిన పద్ధతి. ఊయల, వాలుబల్ల లాంటివాటితో పిల్లవాడి శరీరం చురుగ్గా స్పందించేలా చేస్తారు. దీనికి ప్రత్యేక శిక్షణ పొందిన థెరపిస్ట్ ఉండాలి.
- మల్టీసెన్సరీ గది: నెదర్లాండ్స్‌లో 1970ల్లో మొదలైన స్నూజలెన్ పద్ధతి. వెలుతురు, శబ్దం, స్పర్శ, వాసన అన్నీ మన అదుపులో ఉన్న చోట, తీవ్రమైన వైకల్యం ఉన్న వ్యక్తి తనకు నచ్చిన దాన్ని ఎంచుకుంటాడు.
- మల్టీసెన్సరీ బోధన: అక్షరాలు, లెక్కలు నేర్పేటప్పుడు కన్ను, చెవి, చెయ్యి కలిపి వాడటం. ఇది థెరపీ కిందికి రాదు, క్లాసులో పాఠం చెప్పే పద్ధతి.

ఈ గైడ్ రెండోదాని గురించి. మీ విద్యార్థులు బి.ఎడ్. వాళ్లయితే మొదటిదాన్ని పరిచయం చేసి వదిలేయండి, చేయించకండి.

2. సెమిస్టర్ మొదలవకముందే జరగాల్సినవి

సగం కోర్సులు ఇక్కడే దెబ్బతింటాయి. ప్రాక్టికల్‌కి సెంటర్ దొరకదు, దొరికినా ఒకేసారి ఇరవై మంది విద్యార్థులు గదిలోకి దూరతారు.

సెంటర్‌తో రాతపూర్వకంగా మాట్లాడుకోండి. మన దగ్గర మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసేది) లాంటి జాతీయ సంస్థ ఉంది, బస్తీల్లో చిన్న చిన్న స్పెషల్ స్కూళ్లు, డే కేర్ సెంటర్లు కూడా ఉన్నాయి. పెద్ద సంస్థలోనే చేయాలని పట్టు పట్టకండి. చిన్న సెంటర్‌లో అదే వ్యక్తిని వారం వారం చూసే వీలుంటే అదే మేలు.

అనుమతుల విషయంలో రెండు చట్టాలు చదివి వెళ్లండి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 18 ఏళ్లు దాటాక గార్డియన్ అవసరమైతే, దరఖాస్తు మీద లోకల్ లెవల్ కమిటీ (జిల్లా స్థాయి కమిటీ) నియమిస్తుంది. కాబట్టి 25 ఏళ్ల అబ్బాయి విషయంలో "అమ్మ సంతకం పెట్టేశారు సార్" అంటే సరిపోతుందని అనుకోకండి. ఆ వ్యక్తి ఇష్టం కనుక్కునే ప్రయత్నం ఎలాగూ చేయాల్సిందే. ఇక విద్యార్థి డిసర్టేషన్ కోసం డేటా తీసుకుంటే అది పరిశోధన అవుతుంది, 2016 వికలాంగుల హక్కుల చట్టం 6వ సెక్షన్ వర్తిస్తుంది. ఆ వ్యక్తికి అర్థమయ్యే రూపంలో చెప్పి సమ్మతి తీసుకోవాలి, రాష్ట్ర ప్రభుత్వం నియమించే వైకల్య పరిశోధన కమిటీ అనుమతీ ముందే ఉండాలి. మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ కాగితం ఒక్కటే చాలదు.

మొదటి విజిట్‌కి ముందు చేతిలో ఉండాల్సినవి:

- సెంటర్‌తో ఒప్పందం, ఒక సెషన్‌కి ఎంతమంది విద్యార్థులన్నది అందులోనే (గదిలో ఇద్దరు, అద్దం వెనకో వీడియో ముందో మిగతావాళ్లు)
- ప్రతి వ్యక్తికీ ఒక పేజీ ఆరోగ్య వివరాలు: ఫిట్స్, ఆస్తమా, అలర్జీలు, మింగడంలో ఇబ్బంది, మందులు
- ఇంట్లో మాట్లాడే భాష, "చాలు", "అయిపోయింది" అనడానికి ఇంట్లో వాడే మాట లేదా సైగ
- వీడియో తీయడానికి విడిగా అనుమతి, ఎప్పుడు తొలగిస్తారో రాసి
- సెషన్ మధ్యలో ఏదైనా అయితే ఎవరిని పిలవాలి, ఫోన్ నంబర్ గోడ మీద

మూడో అంశం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ పాతబస్తీలో దక్కనీ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పాపకు మన విద్యార్థి "అయిపోయింది" అని ఎన్నిసార్లు చెప్పినా అది శబ్దమే. ఇంట్లో "బస్" అంటే ఇక్కడా "బస్" అనాలి.

3. మీ సొంత క్లాసులో ఎవరున్నారో చూసుకోండి

చాలామంది మర్చిపోయే సంగతి ఇది. మీ విద్యార్థుల్లోనే వినికిడి లోపం ఉన్న అమ్మాయి ఉండొచ్చు. లైట్లు ఆర్పేసి డెమో మొదలుపెడితే ఆమెకు ఇంటర్‌ప్రెటర్ చేతులు కనిపించవు. ఇంటర్‌ప్రెటర్ మీద మాత్రమే పడే చిన్న లైటు పెట్టండి, లేదా వివరణంతా వెలుతురులో ముగించి తర్వాత ఆర్పండి. చూపు లేని విద్యార్థికి వీడియో అబ్జర్వేషన్ బదులు శ్వాస, గొంతు, కదలికల శబ్దాల కోడింగ్ (గమనించినదాన్ని గుర్తులతో నమోదు చేయడం) ఇవ్వొచ్చు, మిగతావాళ్లు పట్టుకోలేనివి అతను పట్టుకుంటాడు. వీల్‌చెయిర్ తిరగడానికి గదిలో ఐదడుగుల జాగా వదలండి.

వైకల్యం ఉన్న పెద్దవాళ్లను గెస్ట్ లెక్చర్‌కి పిలవండి. రెమ్యూనరేషన్ ఇచ్చి పిలవండి, మిగతా గెస్టులకు ఎంతిస్తారో అంతే. శబ్దాలు భరించలేని ఆటిజం ఉన్న యువకుడు వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ వైపు ఇంట్లో ఉండటం ఎలా ఉంటుందో చెబితే, స్లైడ్లలో ఎంత చెప్పినా రానిది విద్యార్థికి అర్థమవుతుంది.

4. మొదటి మూడు వారాలు: తమ ఒంటి మీదే

ఐదు ఇంద్రియాలతో ఆపకండి. ఒకటి సమతుల్యత, రెండు కండరాలు, కీళ్ల నుంచి ఒంటి భంగిమ గురించి వచ్చే జ్ఞానం, మూడు ఆకలి, నొప్పి, మూత్రం లాంటి లోపలి సంకేతాలు, ఇవి మూడూ కలపాలి. థెరపీలో జరిగేది చాలావరకు వీటి చుట్టూనే. సాధారణంగా గట్టిగా, నిలకడగా నొక్కితే ఒళ్లు నెమ్మదిస్తుంది, ఈకలాంటి తేలిక స్పర్శ ఉలిక్కిపడేలా చేస్తుంది. నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఊగితే శాంతం, గుండ్రంగా తిప్పితే హుషారు. విద్యార్థులతో చేయించి చూపించండి, చదివించకండి.

ఇంద్రియాలకు ఎవరు ఎలా స్పందిస్తారన్న దాన్ని బట్టి ఆక్యుపేషనల్ థెరపిస్ట్ విన్నీ డన్ చేసిన నాలుగు రకాల వర్గీకరణ ఇక్కడ చెప్పండి: ఆలస్యంగా గమనించేవాళ్లు, వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు, ఇట్టే చికాకుపడేవాళ్లు, తప్పించుకునేవాళ్లు. ప్రతి విద్యార్థీ తను దేంట్లో ఉన్నాడో ఒక రోజంతా రాసుకోవాలి. సిటీ బస్సు హారన్లు, హాస్టల్ మెస్ వాసన, మెట్రోలో భుజాలు రాసుకోవడం, అన్నీ.

కళ్లకు గంతలు కట్టి "అంధత్వం ఎలా ఉంటుందో చూడండి" అనే ఆటలు మాత్రం వద్దు. ఐదు నిమిషాల చీకటిలో విద్యార్థికి కలిగేది భయం, జాలి. చూపు లేకుండా ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్ల నేర్పు అందులో కనిపించదు.

దానికి బదులు ఇది చేయించండి. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, మొదట ఒకరి చెయ్యి మీద ఇంకొకరు చెయ్యి వేసి పట్టుకుని బియ్యం గిన్నెలో ముంచాలి. తర్వాత ముంచేవాళ్ల చెయ్యి కింద, రెండోవాళ్లది పైన, పైనున్నవాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యి తీసేయొచ్చు. మొదటిసారి వేళ్లు బిగుసుకుంటాయి, మణికట్టు వెనక్కి లాగుతుంది. రెండోసారి చెయ్యి దానంతట అదే లోపలికి వెళ్తుంది. చూపు, వినికిడి రెండూ లేనివాళ్లతో పనిచేసేవాళ్లు రెండో పద్ధతినే ఎందుకు వాడతారో ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు.

5. చూడటం నేర్పండి (దీనికే ఎక్కువ టైమ్)

నాలుగు వారాలైనా కేటాయించండి. ఈ దశలో విద్యార్థి ఎవరినీ ముట్టుకోడు, ఏ పరికరం ఆన్ చేయడు.

అనుమతి ఉన్న ఐదు నిమిషాల వీడియో ఒకటి తీసుకోండి. పది సెకన్లకొక గడి చొప్పున 30 గడులు గీయించండి. ప్రతి గడిలో ఆ ప్రవర్తన కనిపించిందా లేదా, టిక్కు లేదా సున్నా. "సంతోషంగా ఉన్నాడు" అని రాస్తే కొట్టేయండి. కనుబొమ్మలు పైకి లేచాయి, పెదాలు విడివడ్డాయి, తల వెలుతురు వైపు తిరిగింది, ఇలా రాయాలి.

ఇద్దరు విద్యార్థులు విడివిడిగా కోడ్ చేశాక పోల్చండి. ఏకీభవించిన గడుల్ని మొత్తం గడులతో భాగించి వందతో హెచ్చించాలి. 30లో 24 కలిస్తే 80 శాతం. అంతకంటే తక్కువ వస్తే ప్రవర్తన నిర్వచనం సరిగ్గా రాయలేదని అర్థం, విద్యార్థుల్ని తిట్టకుండా నిర్వచనాన్ని మార్పించండి. "చూశాడు" అంటే ఏమిటి? కళ్లు ట్యూబ్ మీద రెండు సెకన్లు నిలవడమా, తల తిప్పడం సరిపోతుందా? ఈ వాదన క్లాసులో ఎంత గట్టిగా జరిగితే అంత మంచిది.

తర్వాత ఆగడం. తీవ్రమైన సెరెబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లలో, మెదడు స్థాయిలో చూపు దెబ్బతిన్నవాళ్లలో స్పందన చాలా ఆలస్యంగా వస్తుంది. విద్యార్థి ఎర్ర లైటు చూపించి మూడు సెకన్లలో "చూడట్లేదు మేడమ్" అని తీసేస్తాడు. వీడియోని ఆపి, మళ్లీ నెమ్మదిగా నడపండి. లైటు తీసేసే క్షణానికే కాలి బొటనవేలు ముడుచుకోవడం మొదలై ఉంటుంది, తీసేశాక తల అటు తిరుగుతుంది, అప్పటికి అక్కడ ఏమీ ఉండదు. ఆ వ్యక్తి జీవితమంతా ఇలాగే జరుగుతూ ఉండొచ్చని విద్యార్థికి తట్టాలి. అందుకే నియమం: ఏదైనా ఇచ్చాక మనసులో కనీసం పదిహేను దాకా లెక్కపెట్టాలి, నోరు మూసుకుని, వస్తువు కదపకుండా.

6. ఇష్టాలు కనుక్కునే పద్ధతి

ఐదు వస్తువులు ఎంచుకోండి. రెండేసి చొప్పున చూపిస్తే పది జతలవుతాయి. ఏది అందుకున్నాడు, ఏ వైపు చూశాడు, ఏది తోసేశాడు, రాయాలి.

ప్రతి జతనూ కుడి ఎడమలు మార్చి మళ్లీ చూపించాలి. కొందరికి ఒక వైపే చూపు ఉంటుంది, లేదా ఒక చెయ్యే కదులుతుంది. మార్చకపోతే "ఇతనికి గంట ఇష్టం" అని రాసుకుంటారు, నిజానికి అతనికి అందేది కుడి వైపు మాత్రమే.

ఒకే రోజు పది జతలూ అవసరం లేదు. అలసట కనిపిస్తే ఆపేసి మర్నాడు కొనసాగించండి.

7. ఇప్పుడు గది, సామాను

బడ్జెట్ లేదని యూనిట్ ఎగ్గొట్టకండి. ఒక మూల, ముదురు రంగు పరదా, పరుపు, ఫైబర్ ఆప్టిక్ దీపం, ఒక స్పీకర్‌తో మొదలుపెట్టొచ్చు. లైట్లు, డిమ్మర్లు ట్రూప్ బజార్‌లో, స్టీలు గిన్నెలు, గరిటెలు బేగంబజార్‌లో, మెరిసే లేసులు, గుడ్డలు లాడ్ బజార్‌లో దొరుకుతాయి. వాసనలకు వట్టివేళ్లు, కరివేపాకు, కొబ్బరినూనె, గుడిమల్కాపూర్ మల్లెలు చాలు. వాళ్లింట్లో లేని లావెండర్ కన్నా ఇవి ఎక్కువ పనిచేస్తాయి. సాంబ్రాణి, అగరబత్తి మాత్రం వద్దు, మూసిన గదిలో పొగ ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం.

బబుల్ ట్యూబ్ కొంటే బోరు నీళ్లు పోయకండి. మన ఉప్పు నీళ్లకు లోపల తెల్లటి పొర పట్టి వెలుగు మసకబారుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, తయారీదారు చెప్పిన శుభ్రపరిచే ద్రవం వాడండి. ట్యూబ్‌ని గోడకు బిగించాలి. ఆ గది లైనుకు 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ తప్పనిసరి. కరెంటు పోతే గది ఒక్కసారిగా చీకటవుతుంది, అందుకే ఇన్వర్టర్ మీద ఒక చిన్న దీపమైనా ఉండాలి.

అన్నిటికన్నా ముందు కొనాల్సింది చేత్తో నొక్కే పెద్ద స్విచ్, దాన్ని పరికరానికి కలిపే కంట్రోలర్. విద్యార్థి ఆన్ చేస్తే అది ప్రదర్శన, ఆ వ్యక్తి ఆన్ చేస్తేనే ఈ గదికి అర్థం.

8. సేఫ్టీ: ఇందులో పాసవ్వకపోతే గదిలోకి పంపకండి

విడిగా మౌఖిక పరీక్ష పెట్టండి. కింది వాటిలో ఒక్కటి తప్పినా మళ్లీ రావాలి.

- ఫిట్స్ ఉంటే మెరిసే లైట్లు వద్దు. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసేవి ప్రమాదకరమైనవి. నెమ్మదిగా రంగు మారేవి కూడా డాక్టర్‌ని అడిగాకే.
- డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. ఎగరడం, కుదుపులు, మెడ వంచడం లాంటివి వైద్యుల అనుమతి లేకుండా చేయించకూడదు.
- బరువు దుప్పటి ముఖం మీదికి ఎప్పుడూ రాకూడదు. తనంతట తాను తీసేయలేని మనిషికి వేయకూడదు.
- ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే చింతగింజలు, పూసలు, గోళీలు గదిలోనే ఉండకూడదు.
- రబ్బరు వస్తువులకు ముందు లేటెక్స్ అలర్జీ గురించి అడగాలి.
- తలుపు లోపలి నుంచి గడియ పెట్టకూడదు. ఎవరూ ఒంటరిగా ఉండకూడదు, విద్యార్థి కూడా.

9. సెషన్ నడిపే వరుస

మొదట్లో పదిహేను, ఇరవై నిమిషాలు చాలు.

1. గదిని ముందే సిద్ధం చేయాలి, ఒకటే వస్తువు బయట, మిగతావి పెట్టెలో.
2. తలుపు దగ్గర ఒక గుర్తు వస్తువు చేతికివ్వాలి, ప్రతిసారీ అదే. ఎక్కడికి వెళ్తున్నామో దానితో తెలుస్తుంది.
3. కూర్చునే భంగిమ సరిచూడాలి. పడిపోతాననే భయం ఉన్న ఒళ్లు దేన్నీ చూడదు, వినదు.
4. రెండు నిమిషాలు ఏమీ ఇవ్వకుండా గమనించాలి.
5. ఒక్క ఇంద్రియానికి ఒక్క వస్తువు. పదిహేను లెక్క.
6. స్విచ్ అందేలా పెట్టాలి, చెయ్యి లాగి నొక్కించకూడదు.
7. స్పందన వస్తే దాన్ని అనుసరించాలి. అతను గొంతుతో ఏదైనా శబ్దం చేస్తే అదే శబ్దంతో బదులివ్వాలి.
8. "వద్దు" అనే సంకేతం (ముఖం తిప్పుకోవడం, వేళ్లు బిగించడం, ఆవలింతలు, శ్వాస వేగం) కనిపించగానే ఆపాలి.
9. ముగింపు నెమ్మదిగా: లైటు తగ్గించి, ఇంటి మాటలో "అయిపోయింది" చెప్పి, గుర్తు వస్తువు పెట్టెలో వేయించాలి.
10. బయటికొచ్చాక పది నిమిషాల్లోనే రాత. ఇంటికెళ్లి రాస్తామంటే ఒప్పుకోకండి.

10. లక్ష్యాలు, ఫలితాలు, నిజాయితీ

లక్ష్యాల కోసం గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్ నేర్పండి, మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా ఐదు మెట్లు. ఉదాహరణకు మైనస్ 2: స్విచ్ పక్కన ఉన్నా చెయ్యి కదపడు. మైనస్ 1: మోచేతికి ఆసరా ఇస్తే నొక్కుతాడు. సున్నా: ఆసరా లేకుండా నిమిషంలోపు నొక్కుతాడు. ప్లస్ 1: ఆగిపోగానే మళ్లీ నొక్కుతాడు. ప్లస్ 2: రెండు స్విచ్‌లలో కావాల్సింది ఎంచుకుంటాడు. ఇవన్నీ సెషన్లు మొదలవకముందే రాయాలి.

ఈ పద్ధతి మీద ఆధారాలు మిశ్రమంగా ఉన్నాయని సూటిగా చెప్పండి. సెషన్‌లో కనిపించే ప్రశాంతత గది దాటాక నిలుస్తుందా అన్నది పెద్ద ప్రశ్న. ఇంకా గట్టి ప్రశ్న ఒకటుంది: ఫలితం లైట్ల వల్లా, ఇరవై నిమిషాలు ఒక మనిషి పూర్తిగా తన మీదే దృష్టి పెట్టడం వల్లా? దీన్ని విద్యార్థులతోనే పరీక్షింపజేయండి. అదే విద్యార్థి, అంతే సమయం, అంతే శ్రద్ధ, ఒకసారి మల్టీసెన్సరీ గదిలో, ఒకసారి మామూలు గదిలో, రోజులు మారుస్తూ. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి మాట్లాడించండి. తేడా లేకపోతే లేదని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులివ్వండి. ఫలితాన్ని అందంగా చూపించాలన్న టెన్షన్‌లోనే తప్పుడు రికార్డులు పుడతాయి.

11. ఎక్కువగా కనిపించే తప్పులు, సరిదిద్దే తీరు

అన్నీ ఒకేసారి ఆన్ చేయడం: పాట, లైటు, వాసన, వైబ్రేషన్ కలిపితే దేనికి స్పందించాడో తెలీదు. రెండో వస్తువుకు మీ సంతకం కావాలని పెట్టండి, తగ్గుతుంది.

ఆపకుండా మాట్లాడటం: "నాన్నా చూడు, ఇటు చూడు, గుడ్ బాయ్" అని వరస. ఒక సెషన్ మొత్తం మాట లేకుండా నడపమనండి.

వయసు మర్చిపోవడం: నలభై ఏళ్ల మనిషికి గిలక్కాయ ఇస్తారు, "బుజ్జీ" అని పిలుస్తారు. ఆయన్ని ఇంట్లో ఎలా పిలుస్తారో అడిగి, పెద్దవాళ్లయితే "అన్నా", "అమ్మా", "గారు" అనమనండి. గిలక్కాయ స్థానంలో తాళాలగుత్తి, రేడియో, తువ్వాలు పెట్టొచ్చు.

గదిని బహుమతిగానో శిక్షగానో వాడటం: "అల్లరి చేస్తే డార్క్ రూమ్‌కి పంపిస్తా" అనే మాట సెంటర్‌లో వినిపిస్తే అదే రోజు సిబ్బందితో కూర్చుని మాట్లాడండి.

నిద్రపోతే సక్సెస్ అనుకోవడం: నిద్ర మందుల వల్ల రావొచ్చు, విసుగు వల్ల రావొచ్చు, కొన్నిసార్లు అతిగా వచ్చిపడే శబ్దాలూ వెలుగుల నుంచి తప్పించుకోవడానికీ కావొచ్చు. మందు ఎన్నింటికి వేశారో షీట్‌లో ఒక గడి పెట్టండి.

12. మార్కులు

థియరీ పేపర్‌కి వందలో నలభై దాటనివ్వకండి. మిగతా అరవై: అబ్జర్వేషన్ కోడింగ్ 20, సేఫ్టీ మౌఖికం 10, సెషన్ వీడియో 20, ఇంటి ప్లాన్ 10. సెషన్ వీడియోలో పరికరాలకు మార్కుల్లేవు. ఎంతసేపు ఆగాడు, వద్దన్నప్పుడు ఎంత త్వరగా ఆపాడు, స్విచ్ ఎవరి చేతిలో ఉంది, ఈ మూడే చూడండి.

ఇంటి ప్లాన్ ఒక పేజీ దాటకూడదు, ఇంటివాళ్ల భాషలో ఉండాలి, కొత్తగా కొనాల్సిన వస్తువు అందులో ఒక్కటీ ఉండకూడదు. స్నానానికి ముందు కొబ్బరినూనె వాసన చూపించి ఆగడం, మిక్సీ వేసేముందు చెయ్యి దానిమీద పెట్టించి చెప్పడం, పప్పు తిరగమోత శబ్దానికి ముందు పిలవడం, ఇలాంటివే. విద్యార్థి ఆ పేజీని తల్లికి చదివి వినిపించి, ఆవిడ కుదరదన్నవాటిని అక్కడే కొట్టేసి తీసుకొచ్చాకే మార్కులు వేయండి.